50 అక్షరముల నాయకత్వము
లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగు విద్యార్థి ఎరిగిన కొలత ఒక్కటే: ర్యాంకు. 1986 నాటి ఎంసెట్ మొదలు నేటి ఈఏపీసెట్ వరకు, ఎన్.సి.సి. వంటి స్వల్ప కోటాలు తప్ప, నాయకత్వపు ప్రసక్తి లేదు. అమెరికా కళాశాలల కామన్ అప్లికేషన్ అట్లు కాదు. 10 వ్యాపకముల వరకు చెప్పుకొననిచ్చును, ఒక్కొక్కదానిలో వహించిన పదవిని 50 అక్షరములలో వ్రాయుమనును. ఇక పదవుల వేట! రాత్రికి రాత్రి సంఘములు పుట్టును. అధ్యక్షులకు కొదువ యుండదు, సభ్యులే దొరకరు.

ఆ పట్టికలోనే కుటుంబ బాధ్యతలకును, జీతపు పనికిని చోటున్నదని ఎందరెరుగుదురు? తల్లి పనికి పోగా తమ్ముని బడికి పంపి, సాయంకాలము దుకాణములో కూర్చుండు బాలిక ఏ సంఘమునకును అధ్యక్షురాలు కాదు. అది చెప్పుకొనదగినదని ఆమెకు తోచదు. సిఫారసు లేఖ వ్రాయు ఉపాధ్యాయుడే అడిగి తెలిసికొని వ్రాయవలెను.