గ్యాస్ బిళ్లలతో తీరే బాధ కాదు

విజయవాడ, గుంటూరు, హైదరాబాదులలో హాస్టళ్లలో ఉండి ఇంటర్మీడియట్ చదివే పిల్లలు సెలవులకు ఇంటికి వస్తే తల్లులు చెప్పుకొనే మాట ఒకటే - "వీడికి తిన్నది ఒంటబట్టడం లేదు". కడుపుబ్బరం, మలబద్ధకం, పుల్లటి త్రేన్పులు, పరీక్ష రోజున విరేచనాలు. ఓ గ్యాస్ బిళ్ల మింగించి మళ్లీ బస్సెక్కించడం మామూలయింది. చాలావరకు తప్పు హాస్టలు టైంటేబులుదే.

తెల్లవారుజామున గంట కొట్టింది మొదలు రాత్రి స్టడీ అవర్ ముగిసేదాకా పిల్లలకు కూర్చోవడమే పని. లేచిన కాసేపటికే పుస్తకం ముందుండాలి. మరుగుదొడ్ల దగ్గర బారులు. వంతు రాని కుర్రవాడు ఆపుకొని క్లాసుకు పోతాడు. రోజూ ఇలా ఆపుకుంటే పెద్దపేగు నీటిని పీల్చేసి మలం గట్టిపడుతుంది. పోనుపోను వెళ్లాలన్న సూచనే మందగిస్తుంది. దొడ్ల కంపుకు జడిసి మంచినీళ్లు తాగడమే తగ్గించే ఆడపిల్లలున్నారు. ఈ సంగతి వార్డెన్లకు తెలియనిది కాదు.

అన్నానికి లోటు లేదు. పలుచటి పప్పు, బంగాళాదుంప వేపుడు, ఊరగాయ కూడా ఉంటాయి. కానీ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినమన్నది. హాస్టలు పళ్లెంలో ఆ లెక్క కనిపించదు. పీచు లేకపోతే పేగులోని మేలుచేసే సూక్ష్మజీవులకు మేత ఉండదు.

మెదడుకూ పేగుకూ నరాల లంకె ఉంది. వారం పరీక్షల ర్యాంకులు నోటీసు బోర్డు కెక్కే రోజున ఒకరికి ఆకలి చచ్చిపోతుంది, మరొకరు పదేపదే దొడ్డికి పరుగెత్తుతారు. దాన్ని నటన అనడం అన్యాయం. నడక, ఆట ఆ బెంగనూ తగ్గిస్తాయి, పేగునూ కదిలిస్తాయి. 17 ఏళ్లలోపు వారికి రోజుకు గంటసేపు శరీరశ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అపార్టుమెంటులో నడిచే కళాశాలకు మైదానం ఎక్కడిది? మేడ మీదనైనా సాయంత్రం పిల్లలను తిరగనివ్వవచ్చు.

మలంలో రక్తం పడినా, బరువు తగ్గిపోతున్నా డాక్టరుకు చూపించవలసిందే.

ఫీజు కట్టేముందు తండ్రులు ర్యాంకుల పట్టిక అడిగి చూస్తున్నారు. ఎందరికి ఎన్ని మరుగుదొడ్లు, భోజనానికి ఎన్ని నిమిషాలు అన్నది కూడా అడగాలి. ఇంటర్మీడియట్ బోర్డు తనిఖీ అధికారులు ఆఫీసు గదిలో రికార్డులు చూసి ఊరుకోక, ఉదయం ఆరు గంటలకు ఒకసారి హాస్టలుకు వెళ్లి ఆ బారులు చూడాలి.