నిలబడటం పిరికితనం కాదు

మన హాస్టల్లో చదరంగం బల్ల ఒక్కటే. తెల్ల పావులు ఎప్పుడూ పెద్దక్కలవి. నల్లవి ఆరు, ఏడు తరగతుల చెల్లెళ్ళవి. పది ఎత్తుల్లో ఓడిపోయి "మాకు రాదులే" అని లేచిపోతున్నారు. వాళ్ళకి తెలివి లేక కాదు. నల్లవాటితో ఎలా నిలబడాలో ఎవరూ చెప్పలేదు. అందుకే ముందు స్లావ్ డిఫెన్సు నేర్పాలని నా అభిప్రాయం.

తెలుపు వాళ్ళు మంత్రి ముందున్న బంటును డి4కి జరిపితే మనం డి5లో అడ్డం పెడతాం. తర్వాత వాళ్ళు సి4 బంటుతో మన డి5 బంటు మీదికి వస్తారు. దానికి తోడు కావాలి. ఈ6లో బంటు పెడితే తోడు దొరుకుతుంది గాని, సి8లో ఉన్న శకటుకి దారి మూసుకుపోతుంది. దొంగ రాకూడదని తలుపుకి బండ అడ్డం పెట్టి మనమే లోపల చిక్కుకున్నట్టు. సి6లో పెడితే తోడూ ఉంటుంది, దారీ ఉంటుంది. వాళ్ళు డి5లో కొడితే సి6 బంటుతో తిరిగి కొడతాం. నడుమ మన బంటు మళ్ళీ నిలబడే ఉంటుంది.

దీంట్లో ఇబ్బంది కూడా ఉంది. బి8 గుర్రానికి మంచి చోటు సి6. అక్కడ బంటు ఉంది కాబట్టి అది డి7 మీదుగా రావాలి. ఓపిక పట్టాలి.

"ఇది పిరికి ఆట" అని కొందరక్కలు అంటారు. నేను ఒప్పుకోను. గుర్రాలు బయటికి వచ్చాక మనమే సి4 బంటును కొట్టొచ్చు. బి5 బంటుతో దాన్ని కాపాడుకుంటామని వాళ్ళు ఏ4 ఆడి ఆపుతారు. ఆ సందులో మన శకటు ఎఫ్5కి వచ్చేస్తుంది. సి4 బంటును వాళ్ళు తర్వాత తీసుకున్నా, మన పావులు అప్పటికే బయట ఉంటాయి.

1935లో నెదర్లాండ్సులో జరిగిన ప్రపంచ పోటీలో అలెఖీన్, యూవే ఈ ఆట మళ్ళీ మళ్ళీ ఆడారు. 30 ఆటల్లో యూవే 15½–14½తో గెలిచాడు. ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆడపిల్లల బడిలో లెక్కల మాస్టారు. ఆయన్ని పిరికివాడు అంటామా?

మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. మనలో చాలామంది అంతే. బల్ల దగ్గర "నాకు రాదు" అని లేచిపోయే చెల్లి రేపు లెక్కల పుస్తకం దగ్గరా అదే మాట అంటుంది. తర్వాత బడే మానేస్తుంది. కాబట్టి అక్కలారా, ఒక ఆట తెల్లవి, ఒక ఆట నల్లవి తీసుకోండి. చెల్లెళ్ళారా, సి6 ఆడి చూడండి. ఓడినా పదో ఎత్తులో మాత్రం లేవకండి.

— 9వ తరగతి విద్యార్థిని