మందుల సంచి తెచ్చే కుక్క



మన పల్లెల్లో కుక్క ఇంటికి కాపలా ఉంటుంది, గొర్రెల వెంట తిరుగుతుంది. ఆరాధన వేళ మందిరంలోకి వస్తే మాత్రం కర్ర తీసుకుంటాము. అమెరికాలో కొందరు దీర్ఘరోగులకు కుక్కే చేయూత.

ఏళ్ల తరబడి కీళ్లవాతంతో బాధపడే ఒక సహోదరిని తలంచుకొనండి. తెల్లవారితే వేళ్లు ముడుచుకోవు. క్రింద పడిన తాళంచెవిని వంగి తీసుకోలేదు. తర్ఫీదైన కుక్క దాన్ని నోట కరచి చేతికందిస్తుంది. తలుపు పిడికి కట్టిన గుడ్డను లాగి తలుపు తీస్తుంది. మందుల సంచి తెస్తుంది.

ఇట్టి కుక్కలనిచ్చే సంస్థలు ఉన్నాయి గాని చాలాకాలం వేచియుండాలి. అయితే 1990లో అక్కడ చేసిన వికలాంగుల చట్టం ప్రకారం రోగి తన కుక్కకు తానే నేర్పుకోవచ్చు. సర్టిఫికెట్టు అక్కరలేదు. దుకాణంవారు రెండే ప్రశ్నలు అడగవచ్చు: వైకల్యం వలన ఈ కుక్క అవసరమా? ఏ పని నేర్చుకున్నది? ఊరకే తోడుగా ఉండే కుక్క ఈ లెక్కలోకి రాదు.

వినుటకు సులభమే. కాని లేవలేని మనిషే లేచి నేర్పాలి, అదీ ఏడాదిన్నర, రెండేళ్లు! నొప్పి హెచ్చిన రోజున కుక్కకు ఆకలి ఆగదు గదా. అందుచేత మంచం మీద నుండే, పూటకు ఐదు నిమిషాలు నేర్పుతారు. మొదట గుడ్డబొమ్మ తెస్తే చిన్న మాంసం ముక్క, తరువాత అదే విధంగా మందుల సంచి. కుక్కను బయట త్రిప్పే పని ఇంటివారు చూడవచ్చు. బహుమానం మాత్రం రోగి చేతి నుండే అందితే మేలు. ఇంతచేసినా, చప్పుళ్లకు బెదిరే కుక్క, మనుషుల మీదికి పోయే కుక్క ఈ పనికి రాదు. ఏడాది కష్టపడ్డాక ఆ సంగతి ఒప్పుకొనుటే అన్నిటికంటె కష్టమని నా తలంపు.

మరొక సంగతి. ఆ చట్టం మత సంస్థలకు వర్తించదు. హోటలు తలుపు చట్టం తెరిచింది, చర్చి తలుపు సంఘమే తెరవాలి. నన్నడిగితే, అట్టి సహోదరికి చివరి వరుసలో, గోడ ప్రక్కన చోటివ్వాలి. కుక్క వెంట్రుకలు పడని ఉబ్బసం రోగులను ఎదుటి ప్రక్కన కూర్చుండబెట్టవచ్చు. సండేస్కూలు పిల్లలకు ముందుగానే చెప్పాలి: పనిలో ఉన్న కుక్కను పిలువకూడదు, నిమురకూడదు, బిస్కట్టు అసలే పెట్టకూడదు.