గోడకు గడువు చెప్పుడు

మహారాజశ్రీ ఆంగ్లదేశ గృహనిర్మాణ, సామాజిక, స్థానిక ప్రభుత్వ శాఖామాత్యులవారి సముఖమునకు,



లండను, మాంచెస్టరు, లీడ్సు మున్నగు నగరములందలి ఎత్తైన భవనములలో ఒక్కొక్క ఫ్లాటును దీర్ఘకాలపు లీజుపై కొనుక్కొని, ఆ భవనపు బయటి గోడకు తొడిగిన క్లాడింగు పలకలు నిప్పునకు తాళవని పిమ్మట తెలిసికొని, నేటికిని వానిని తొలగింపించుకొనలేక, ఇల్లమ్ముకొనలేక, ఉన్న యింట నిశ్చింతగా నిద్రింపలేక యున్న వేలాది కుటుంబములలో నాదియు నొకటి. ఈ లేఖను తెలుగున వ్రాయుటకు కారణము కలదు. ఆ కుటుంబములలో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణముల నుండి ఉద్యోగములకై వచ్చి యిచట స్థిరపడిన మావారును ఉన్నారు. డిపాజిట్టు కొరకు ఊరిలో పొలమమ్మి పంపిన తండ్రితో, ఆ సొమ్ము పెట్టి కొన్న యింటిపై బ్యాంకు అప్పీయనన్నదని చెప్పుటకు నోరు రాక, ఏండ్ల తరబడి ఈ సంగతిని గుట్టుగా దాచుకొన్నవారు వారు. అట్టివారు మీకు అర్జీలు పెట్టుకొనరు. కావుననే వారి పక్షమునను ఈ నాలుగు మాటలు.

2017 జూన్ 14వ తేదీన, ఇంకను తెల్లవారకముందే, పశ్చిమ లండనునందలి గ్రెన్‌ఫెల్ టవరులో నాల్గవ అంతస్తున ఒక ఫ్రిజ్జు వద్ద పుట్టిన నిప్పు, వంటయింటి కిటికీ దాటి, అల్యూమినియపు రేకుల నడుమ పాలిథీన్ నింపిన పలకల నంటుకొని, 24 అంతస్తుల భవనమును కమ్ముకొని, 72 మంది ప్రాణములను గొనినది. ఆ మరణములన్నియు నివారింపదగినవే యని సర్ మార్టిన్ మూర్-బిక్ అధ్యక్షతను విచారించిన సంఘము 2024 సెప్టెంబరులో తేల్చినది. తమ సరకు కాలు గుణమును మరుగుపరచి అమ్మిన ఉత్పత్తిదారుల కపటమును, హెచ్చరికలు విని యూరకున్న ప్రభుత్వముల అలసత్వమును ఎత్తి చూపినది. 2009లోనే దక్షిణ లండనునందలి లాకనల్ హౌసు తగులబడి ఆరుగురు మరణింపగా, అగ్నిభద్రతా మార్గదర్శకములను స్పష్టముగా తిరిగి వ్రాయుడని 2013లో మరణ విచారణాధికారి మీ శాఖను హెచ్చరించియే యుండిరి.

మా భారతకథయందు పురోచనుడు వారణావతమున లక్కతో నిల్లు కట్టి, పైపూత నందముగా తీర్చి, పాండవులకు నివాసముగా నిచ్చెను. విదురుడు ముందుగా తెలిపినందున వారు సొరంగమున బడి బయటపడిరి. ఆ రాత్రి ఆ యింట విందు గుడిచి నిదురించిన నిషాదవనితయు, ఆమె కుమారులైదుగురును ఏమియు నెరుగక దగ్ధులైరి. కథ వారిని దాటి ముందునకు సాగిపోవును. నేను బాల్యమున పాండవులు తప్పించుకొనిరని సంతోషించితిని. ఈ దేశమున ఫ్లాటు కొన్న పిదప నా మనస్సు ఆ తల్లియొద్దనే నిలిచిపోయినది. పలకలు పరీక్షలో ఎట్లు కాలినవో చేసినవానికి తెలియును. కొన్నవానికి తెలిసినది బ్రోచరులోని బొమ్మ మాత్రమే.

ఇచటి లీజు పద్ధతిని మా ఊరివారికి బోధపరచుట కష్టము. బయటి గోడయు, కప్పును, నేలయు భూస్వామియైన ఫ్రీహోల్డరువి. ఆ గోడలో మేకు గొట్టుటకైనను మాకధికారము లేదు. అయినను, రాత్రులందు నడవలలో తిరుగుచు నిప్పు పుట్టినచో తలుపులు తట్టి లేపుటకు నియమించిన కావలివారి జీతములును, ఇంతింతై పెరిగిన బీమా రుసుములును సర్వీసు ఛార్జి పేరిట మా లెక్కలోనికే వచ్చి చేరినవి. 2019 చివర ప్రవేశపెట్టిన, బయటి గోడ అగ్నిభద్రతను తెలుపు ఈడబ్ల్యూఎస్-1 పత్రము లేనిదే రుణమీయమని బ్యాంకులనగా, ఎన్నియో ఫ్లాట్లకు సున్న విలువ కట్టబడినది.

2022 నాటి భవన భద్రతా చట్టము మాకు గొప్ప ఆసరా యనుట సత్యము. 11 మీటర్లు లేక ఐదంతస్తులకు తక్కువగాని భవనములలో అర్హులైన లీజుహోల్డర్లు క్లాడింగు తొలగింపునకై ఏమియు నీయనక్కరలేదనియు, తక్కిన లోపములకు సామాన్యముగా లండనులో 15,000 పౌండ్లు, ఇతరత్ర 10,000 పౌండ్లు మించి రాబట్టరాదనియు అది శాసించినది. సొమ్మునకు హద్దు గీచిన ఆ చట్టము కాలమునకు హద్దు గీయలేదు. నా మొర యంతయు ఈ యొక్క మాటయందే యున్నది.

ఒంటి పడకగదిలో కాపురము పెట్టిన దంపతులకు బిడ్డలు పుట్టి, ఆ బిడ్డలు బడికి పోవు వయస్సు వచ్చినను ఇల్లు మారు వీలు లేదు. ఉద్యోగము వేరొక నగరమునకు మారినవాడు కుటుంబమును విడిచి అద్దెగదిలో నుండును. మంచము పట్టిన తల్లిని చూచుకొనుటకు స్వదేశమునకు మరలిపోదలచిన స్త్రీ, అమ్ముడుపోని ఫ్లాటునకు వాయిదాలు కట్టుచు ఇచటనే నిలిచిపోవును. పని మొదలైన చోటను సుఖము లేదు: పరంజాలు కట్టి, వానిపై తెరలు కప్పి, నెలల తరబడి కిటికీలకు వెలుతురు రానీయరు. 2024 ఆగస్టులో డాగెన్‌హామునందు తగులబడిన భవనము పరంజాలు కట్టి క్లాడింగు మార్చుచున్న భవనమే. అందరును బ్రతికి బయటపడుట అదృష్టము. ఆలస్యము జరిగిన ప్రతిదినమును ఒక ప్రమాదమునకు తావిచ్చుట యని ఇంకను వేరుగ చెప్పవలెనా?

11 మీటర్లు దాటిన భవనములలో 9,000 మొదలు 12,000 వరకు బాగుచేయవలసి యుండుననియు, వానిలో 60 శాతము వరకు ఇంకను గుర్తింపబడనే లేదనియు జాతీయ ఆడిట్ కార్యాలయము 2024 నవంబరులో తెలిపినది. మరుసటి నెలలో మీ శాఖ ప్రకటించిన కార్యప్రణాళిక 2029 చివరను ముఖ్య గడువుగా పేర్కొన్నది. అది ఒక్కొక్క భవనమునకు విడిగా పెట్టిన గడువు కాదు. నేనున్న భవనపు తేదీ అడిగినచో యాజమాన్యము ఏజెంటును, ఏజెంటు నిర్మాతను, నిర్మాత ఇంజనీరును చూపుచున్నారు.

కావున ప్రతి భవనమునకును పని ఆరంభించు తేదీని, ముగించు తేదీని చట్టబద్ధముగా నిర్ణయించి, ఎల్లరకు కనబడునట్లు ప్రకటింపుడు. ఆ తేదీ దాటిన నాటినుండి కావలి ఖర్చులను, పెరిగిన బీమా భారమును లీజుహోల్డరు నుండి రాబట్టరాదని, గోడ యెవరిదో వారే భరింపవలెనని శాసింపుడు. 11 మీటర్లకు తక్కువైనందున చట్టపు నీడకు వెలియైన భవనములవారిని కూడ ఈ యేర్పాటులో చేర్చుడు. మీ కొలబద్ద వారి గోడను దాటిపోయినది గాని, వారికి వచ్చు బిల్లులు ఆగలేదు.

ఇట్లు,
ఒక లీజుహోల్డరు