ఈ రాళ్ళు మనకెందుకు?

డిసెంబరు నెల రాగానే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల సంఘాల్లో మెదక్ ప్రయాణం మాట మొదలవుతుంది. యౌవనస్థులు బస్సు మాట్లాడుతారు. స్త్రీల సమాజం వారు పులిహోర పొట్లాలు సిద్ధం చేస్తారు. మనలో చాలామందిమి బాప్టిస్టులం, మెన్నోనైట్ బ్రదరన్ వారం. మెదక్ చర్చి దక్షిణ ఇండియా సంఘానిది. అయినా అది మనదే అన్న ప్రేమతో వెళ్తాం.

విశ్వాసులకు యాత్రలు అవసరమా అని కొందరు పెద్దలు అడుగుతారు. సరైన ప్రశ్నే. ఆరాధన ఈ కొండకో ఆ పట్టణానికో పరిమితం కాదని ప్రభువు సమరయ స్త్రీకి చెప్పాడు (యోహాను 4వ అధ్యాయం). రాతిలో పరిశుద్ధత లేదు. అయితే యొర్దాను దాటిన తరువాత పన్నెండు రాళ్ళు నిలబెట్టమని దేవుడే యెహోషువకు ఆజ్ఞాపించాడు. ఈ రాళ్ళు ఎందుకని పిల్లలు అడిగినప్పుడు పెద్దలు జవాబు చెప్పాలి (యెహోషువ 4వ అధ్యాయం). మెదక్ రాళ్ళ గురించి మన పిల్లలు అడిగితే మనం ఏమి చెబుతాం?

ఇంగ్లండు నుండి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఈ మందిర నిర్మాణాన్ని 1914లో ప్రారంభించారు. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. ఈ ప్రాంతంలో కరవు. ఆకలితో వచ్చినవారికి ఊరకే అన్నం పెట్టి పంపకుండా పాస్నెట్ దొర పని కల్పించారు. పనిచేసినవారు, వారి పిల్లలు కడుపునిండా తిన్నారు. దాదాపు పదేళ్ళు ఆ పని సాగింది. 1924 డిసెంబరు 25న మందిరం ప్రతిష్ఠ జరిగింది. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, నూట డెబ్బై అడుగులు దాటిన గోపురం. ఐదు వేల మంది కూర్చుని ఆరాధించవచ్చు. ప్రభువు జననం, సిలువ మరణం, ఆరోహణం రంగుటద్దాల కిటికీల్లో కనబడతాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఇది మెదక్ డయాసిస్ కెథడ్రల్ అయింది. 2024 క్రిస్మస్‌తో నూరేళ్ళు నిండాయి.

బాప్టిస్టు కుటుంబాల్లో ఇటువంటి చరిత్రే ఒంగోలు గురించి చెప్పుకుంటారు. 1876-78 నాటి మహా కరవులో జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చారు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరవు పనులు సాగినంతకాలం బాప్తిస్మములు ఆపారు. పనులు ముగిశాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆకలిగొన్నవాని చేతికి పని ఇచ్చి, అతని గౌరవం కాపాడిన సేవ అది.

ఈ చరిత్ర పాలమూరు వారికి మరింత దగ్గరగా తగలాలి. కరవు, వలస మన ఇంటి మాటలు. దేశంలో ఎన్నో ఆనకట్టలు, కాలువలు, రోడ్లు పాలమూరు కూలీల చెమటతో లేచాయి. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పంట పనులు అయిపోగానే పూణె, ముంబయి వైపు వెళ్ళే కుటుంబాలు మన సంఘాల్లో ఇప్పటికీ ఉన్నాయి. క్రిస్మస్‌కు మెదక్ బస్సు బయలుదేరేటప్పుడు ఆ కుటుంబాలు ఊళ్ళో ఉండవు. కూలీల చేతులతో కట్టిన మందిరాన్ని చూడడానికి మన కూలీలు లేకుండా వెళ్తున్నాం. ఈ మాట మనల్ని కాస్త ఆపాలి.

ప్రయాణం మానుకోమని మేము చెప్పడం లేదు. తప్పక వెళ్ళండి. పండుగనాటి రద్దీ కంటే మామూలు రోజు వెళ్ళడం మేలు. కిటికీల రంగులు ఎండ వెలుగులోనే కనబడతాయి గనుక పగలే లోపలికి వెళ్ళి కాసేపు మౌనంగా కూర్చోండి. ఫొటోలు తరువాత తీసుకోవచ్చు. ఆ రాళ్ళు మోసినవారి ఆకలి గురించి, వారిని ఆదుకున్న దేవుని గురించి పిల్లలకు చెప్పండి.

అయితే బస్సు మాట్లాడేముందు సంఘ పెద్దలు ఒక పని చేయాలి. వలస వెళ్ళిన కుటుంబాల పేర్లు రాసుకోవాలి. ఊళ్ళో మిగిలిన ముసలి తల్లిదండ్రులకు ఎవరు అన్నం పెడుతున్నారో, పిల్లలు బడికి పోతున్నారో లేదో చూడాలి. ప్రయాణ ఖర్చులో పదో వంతైనా వారికోసం తీసిపెట్టాలి. కొత్త మందిరాలు కట్టుకుంటున్న సంఘాలకు ఇంకొక మాట. స్లాబుకు, గోపురానికి కానుకలు పోగుచేసి, మేస్త్రీకి, కూలీలకు మాత్రం రేపు రమ్మనడం కొన్నిచోట్ల వింటున్నాం. బిగబట్టిన కూలి మొరపెడుతుందని, ఆ మొర దేవుని చెవులకు చేరుతుందని యాకోబు హెచ్చరించాడు (యాకోబు 5:4). అలా కట్టిన గోడల మధ్య పాడే పాట ప్రభువుకు ఇష్టమవుతుందా?

మెదక్ వెళ్ళి రావడానికి మన రెండు జిల్లాల నుండి ఒక రోజు చాలు. అక్కడ చూసినదాన్ని మన ఊరి సంఘంలో ఆచరించడానికి ఏడాదంతా పడుతుంది. ఆ పని ఈ క్రిస్మస్‌కే మొదలు పెడదాం.