ఇంటి ముచ్చట: ముఖం కనిపించని పనిమనిషి



ఈ నెల ఒక పిల్లి, ఒక ఎలుక గురించి మాట్లాడుకుందాము. పెద్దవాళ్ల పుటలో పిల్లల బొమ్మల గొడవ ఏమిటని విసుక్కోకండి. ఇంట్లో టీవీ, పిల్లలు ఉన్నవారందరూ టామ్ అనే పిల్లినీ, జెర్రీ అనే ఎలుకనూ ఎరిగే ఉంటారు. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చిన తరువాత ఆ రెండూ మన ఇళ్లలోనూ చేరాయి. వాటి ఆటలో మాటలు తక్కువ. అందుచేత ఇంగ్లీషు ముక్క రాని అవ్వ కూడా మనవడి పక్కన కూర్చుని కడుపారా నవ్వగలదు.

అయితే ఆ బొమ్మలు టీవీ కోసం తీసినవి కావు. కేవలం పిల్లల కోసం తీసినవీ కావు. అమెరికాలో ఎం.జి.ఎం. అనే సినిమా సంస్థలో విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా అనే ఇద్దరు 1940 నుండి 1958 వరకు ఇలాంటివి 114 తీశారు. ఒక్కొక్కటి ఏడెనిమిది నిమిషాలు. సినిమా హాలులో అసలు సినిమాకు ముందు వీటిని వేసేవారు. వాటిలో ఏడింటికి ఆస్కార్ బహుమతులు వచ్చాయి. పాత బొమ్మలనే మళ్లీ విడుదల చేసినా ఇంచుమించు కొత్తవాటికి వచ్చినంత రాబడి వస్తున్నదని లెక్క చూసుకున్న సంస్థవారు 1957లో ఆ విభాగాన్ని మూసివేశారు. పాత సరుకే డబ్బు తెస్తుంటే కొత్తది వండడమెందుకని వారి ఆలోచన.

తరువాత అవి టీవీలోకి వచ్చాయి. అమెరికాలో శనివారం బడులకు సెలవు. వారమంతా పనిచేసి అలసిన తల్లిదండ్రులు ఆ పూట ఆలస్యంగా లేచేవారు. పిల్లలు మాత్రం తెల్లవారగానే లేచి టీవీ ముందు చేరేవారు. ఆట బొమ్మలు, తినుబండారాలు అమ్మేవారికి ఇంతకన్నా మంచి సమయం ఏముంటుంది? 1965 సెప్టెంబరులో సి.బి.ఎస్. అనే టీవీ సంస్థ శనివారం ఉదయాన టామ్ అండ్ జెర్రీని మొదలుపెట్టింది. పాత సినిమా బొమ్మలనే వరుసగా పేర్చి, నడుమ ప్రకటనలు చేర్చి, కొత్త కార్యక్రమంగా ఇచ్చారు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. పాత బొమ్మల్లో ఒక పనిమనిషి ఉన్నది. నల్లజాతి స్త్రీ. లావుపాటి కాళ్లు, పాత చెప్పులు, చేతిలో చీపురు. ఆమె గొంతు వినబడుతుంది, పిల్లిని కొట్టే చెయ్యి కనబడుతుంది, ముఖం మాత్రం దాదాపు ఎన్నడూ కనబడదు. ఆమె మాట తీరును నవ్వులాటగా మలచారు. ఆ గొంతు లిలియన్ రాండాల్ఫ్ అనే నల్లజాతి నటిది. ఆమె రేడియోలోనూ సినిమాల్లోనూ పేరు పొందిన మనిషి. ఈ బొమ్మల్లో మాత్రం తెర మీద ఆమె పేరు వేయలేదు. నల్లజాతివారి హక్కుల కోసం పాటుపడే ఎన్.ఎ.ఎ.సి.పి. అనే సంఘం ఈ పాత్రకు అభ్యంతరం చెప్పింది. 1952 తరువాత తీసిన బొమ్మల్లో ఆ పనిమనిషి లేదు.

కాని పాతవాటిని శనివారం పిల్లలకు చూపాలంటే ఏమి చెయ్యాలి? ఆ పనిని చక్ జోన్స్ అనే దర్శకుని బృందానికి అప్పగించారు. కొన్నింటిలో ఆమె గొంతు తీసివేసి, జూన్ ఫోరే అనే నటి చేత ఐరిష్ యాసలో మళ్లీ చెప్పించారు. మరికొన్నింటిలో ఆమెను పూర్తిగా చెరిపి, ఆ చోట సన్నని తెల్లమ్మాయిని గీశారు. 1950లో వచ్చిన 'సాటర్డే ఈవినింగ్ పస్' అనే దానిలో ఆమె శనివారం రాత్రి స్నేహితురాళ్లతో పేకాటకు వెళుతుంది. టీవీకి మార్చిన దానిలో ఒక తెల్లపిల్ల షికారుకు వెళుతుంది. చూసిన పిల్లలకు తేడా తెలియదు.

ఇది మంచిదేనా? ఎగతాళిని పసిపిల్లల కంట పడనీయకూడదనే ఆలోచన తప్పని నేననను. కాని ఒక్కసారి ఆగి ఆలోచించండి. అవమానపడినది ఆమె. తెర మీద నుండి తీసివేయబడినది కూడా ఆమెయే. గీసినవారి తప్పుకు ఆమె చోటు పోయింది. పైగా అసలు తప్పే జరగనట్టు కథ శుభ్రంగా తయారైంది. పగిలిన కుండను తడికె వెనుక దాచినంత మాత్రాన అది అతుక్కోదు గదా!

చాలా ఏళ్ల తరువాత వేరొక దారి దొరికింది. 2005లో ఈ బొమ్మలను డీవీడీగా తెచ్చినప్పుడు వూపీ గోల్డ్‌బర్గ్ అనే నల్లజాతి నటి ముందుగా తెర మీదికి వచ్చి మాట్లాడింది. వీటిలో ఉన్న చిన్నచూపు ఆనాడూ తప్పే, ఈనాడూ తప్పే. అయినా దాచిపెడితే అది ఎన్నడూ లేదని చెప్పినట్టవుతుంది గనుక ఉన్నది ఉన్నట్టే చూపుతున్నాము అని ఆమె మాటల సారాంశం. తప్పును ఒప్పుకొనడం వేరు, తప్పును చెరిపివేయడం వేరు. ఒప్పుకొన్నదే మనుషులను మారుస్తుంది.

మన ఇళ్లలోనూ పాత కథలను శుభ్రం చేసి పిల్లలకు చెబుతూ ఉంటాము. తాతగారి గొప్ప చెబుతాము. తాతగారి పొలంలో పనిచేసిన వారిని ఏ గిన్నెలో నీళ్లు పోసి, ఎక్కడ నిలబెట్టి తాగించారో చెప్పము. పరువు పోతుందని మన భయం. నిజానికి పిల్లలు ఆ నిజాన్ని మోయగలరు. మెల్లగా, వయసుకు తగినట్టు చెబితే, అలాంటి పని తాము చేయకూడదని వారే తెలుసుకుంటారు.

కాబట్టి అమ్మలారా, నాన్నలారా, పిల్లలను టీవీకి అప్పగించి మీ పని మీరు చూసుకోకండి. వారానికి ఒక అరగంట వారి పక్కన కూర్చోండి. వారితో కలిసి నవ్వండి. ఎప్పుడైనా ఆ లావుపాటి కాళ్లు తెర మీద నడిచి వస్తే, "ఆ అమ్మ ముఖం ఎందుకు చూపలేదంటావు?" అని అడగండి. వారు చెప్పేది ఓపికగా వినండి. ఆ తరువాత ఇంకొక్క ప్రశ్న అడగండి. మన వాకిలి ఊడ్చే ఆమె పేరు, మన పశువుల కొట్టం ఎత్తిపోసే ఆయన పేరు మీకు తెలుసా అని.

తెలియదంటే వారిని కోప్పడకండి. ఆ పేరు పెట్టి, అత్త అనో మామ అనో కలిపి, ముందు మీరు పిలవండి. పిల్లలు వింటూనే ఉంటారు.