మా నాన్నగారు తోలిన లారీ యుద్ధంలోకి రాదా?

మన ఊరి యుద్ధ స్మారక కమిటీ పెద్దలకు,

పోయిన వారం మీ కుర్రాడు తెచ్చి ఇచ్చిన కాగితం చదివాను. నల్లరాతి ఫలకం మీద చెక్కించే 1971 నాటి పేర్లలోంచి మా నాన్నగారి పేరు తీసేశారట. ఆయన ‘డ్రైవరు, ప్రత్యక్షంగా పోరాడలేదు’ అని కారణం రాశారు. మూడు నెలల కిందట చందా పుస్తకం పట్టుకుని మా గడప తొక్కినప్పుడు ఈ తేడా మీకు గుర్తు రాలేదు. పోనివ్వండి.

ఆయనది ఆర్మీ సర్వీస్ కోర్. శక్తిమాన్ లారీ. అప్పట్లో త్రిపురలో రైలు పట్టాలు ధర్మనగర్‌తో ఆఖరు. అక్కడ సరుకు ఎక్కించుకుని అఠారముర, బరముర కొండలు దాటి అగర్తల చేర్చాలి. పీపాల్లో పెట్రోలు, పెట్టెల్లో ఫిరంగి గుళ్ళు. యుద్ధం డిసెంబరు 3న మొదలైందంటారు గానీ, అంతకు ముందే అగర్తల మీద షెల్స్ పడ్డాయి. ఆల్బర్ట్ ఎక్కా ప్రాణమిచ్చి పరమవీరచక్ర తెచ్చిన గంగాసాగర్ అక్కడికి కొద్ది మైళ్ళే. ఆ చుట్టుపక్కల పేలిన తుపాకుల్లోకి గుళ్ళు ఆకాశం నుంచి ఊడిపడ్డాయా అండీ? పెట్రోలు పీపాలు వీపు వెనక పెట్టుకుని కొండ దిగేవాడికి ప్రాణభయం తక్కువని మీలో ఎవరు తేల్చారు?

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆయన ఉత్తరాల మీద ఊరి పేరుండేది కాదు, 99 ఏపీఓ అనే సైనిక తపాలా చిరునామా తప్ప. ‘మా నాన్నగారు తొంభై తొమ్మిదిలో ఉన్నారు’ అని బళ్ళో చెప్పేదాన్ని. డిసెంబరులో ఆ ఉత్తరాలూ ఆగిపోయాయి. సాయంత్రం కరణంగారి అరుగు మీద రేడియో వార్తలు అయ్యేదాకా మామ్మ తాంబూలం నమలడం ఆపేసేది. పోస్టుమేన్ సైకిలు బెల్లు వినపడితే అమ్మ బయటికి రాకుండా నన్ను తోసేది. టెలిగ్రాం అయితే చిన్నపిల్ల చేతికివ్వడు కదా, అదీ ఆవిడ లెక్క. 16న ఢాకాలో సంతకాలయ్యాయని, పాకిస్తాన్ వాళ్ళు 93 వేల మంది లొంగిపోయారని ఊళ్ళో పంచదార పంచారు. మాకు ఉత్తరం వచ్చింది సంక్రాంతి వెళ్ళాక. ఆ నెల రోజులూ మీ లెక్కలో ఏ విభాగం కిందికి వస్తాయి?

మరుసటి ఏడాది వేసవిలో సెలవు మీద వచ్చినప్పుడు నాతో ఒక ఆట ఆడేవారు. చెంబుకి సున్నం పూసి, చిన్న దీపం దాని దగ్గరగా పట్టుకుని చీకటి పెరట్లో ముందు నడిచేవారు. నేను ఆ తెల్లటి గుండ్రం మీంచి చూపు తిప్పకుండా వెనక నడవాలి. తప్పితే ‘లోయలో పడ్డావే’ అనేవారు, నవ్వకుండా. ముందు లారీ వెనక ఇరుసుకు తెల్లరంగు పూసి, దాని మీదకు ఒక్క బుడ్డి బల్బు పెడతారని, హెడ్‌లైట్లు ఆర్పేసి రాత్రంతా ఆ తెలుపు వెంటే బండి తోలతారని నాకు పెళ్ళయ్యాక గానీ అర్థం కాలేదు. ఆయన ఎడమ అరచేతిలో గేరు రాడ్డు వల్ల కాచిన కాయ చివరిదాకా పోలేదు. కల్వర్టు దగ్గర ఏ లారీ గేరు మార్చినా నిద్రలోంచి లేచి కూర్చునేవారు.

సర్కారు ఇస్తామన్న భూమి కోసం ఆయన ఎన్నేళ్ళు తిరిగారో, అమ్మ పింఛను కాగితంలో ఒక్క అక్షరం దిద్దించడానికి ఎన్ని చెప్పులరిగాయో మీకు తెలియంది కాదు. వాటి గురించి మిమ్మల్ని అడగను. ఆయనకొచ్చిన పూర్వీ స్టార్ తూర్పు రంగంలో పనిచేసినవాళ్ళకిచ్చిన పతకం. అది ట్రంకు పెట్టెలో ఉంది, వచ్చి చూస్తారా? సైన్యానికి లేని అనుమానం మీకెందుకొచ్చింది? రేపు వంటవాళ్ళ పేర్లూ, గాయాలకు కట్లు కట్టినవాళ్ళ పేర్లూ కూడా తీసేస్తారా?

ఆయన పేరు ఫలకం మీద తిరిగి చేర్చండి. అమ్మకి ఇప్పుడు ఎనభై ఏళ్ళు. ఆవిష్కరణ నాడు కట్టుకోవడానికి చీర ఉతికించి పెట్టుకుంది. మీ కాగితం సంగతి ఇంకా చెప్పలేదు. ఆవిడను అక్కడికి తీసుకురావాలా, వద్దా?

మీ చందాదారుల్లో ఒకర్తె